దరియావలి గీసిన ఒకే ఒక ముఖం

కావలి ట్రంకు రోడ్డులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. దాని మేడ మీది గదిలో ముప్పయ్యెనిమిదేళ్ళుగా దరియావలి బొమ్మలు గీస్తున్నాడు. మనం వాడుకుని చింపి పారేసే బొమ్మలు. నిమ్మకాయల పెట్టె మీద తలపాగా రైతు, రొయ్యల మేత సంచి మీద రొయ్యను పట్టుకుని నవ్వే ఆసామి, అగరబత్తి పొట్లం మీద కళ్ళు మూసుకున్న సాధువు, నొప్పుల బామ్ డబ్బా మీద మోకాలు పట్టుకున్న అవ్వ. నెల్లూరు జిల్లాలో కాపురం చేసిన ఏ ఇంట్లోనైనా వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఉండే ఉంటుంది. ఆ రైతు, ఆ ఆసామి, ఆ సాధువు, చివరికి ఆ అవ్వ కూడా ఒకే మనిషని మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. ఆ మనిషి తుమ్మలపెంట చెంచయ్య.

తప్పెవరిదని అడిగితే నేను సిస్టర్ ఎలిశబెతు పేరు చెబుతాను.

మేం ముగ్గురం కాన్వెంటులో ఒకే తరగతి. శనివారం ఆఖరి పీరియడు డ్రాయింగ్. సిస్టర్ ఎలిశబెతు బోర్డు మీద గీత కూడా గీసేది కాదు. "పక్కన కూర్చున్నవాణ్ణి చూసి గీయండి. దేవుడు మీకు బొమ్మను ఊరికే ఇచ్చాడు" అనేది. బెంచీలు మారడానికి వీల్లేదు. మారితే చెక్క స్కేలు నిలువుగా తగిలేది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా దరియావలి పక్కన కూర్చున్నది చెంచయ్య. పడవల మీద పెరిగిన పిల్లవాడు, ఉప్పుగాలికి సగం మూసుకున్న కళ్ళు, ముందు పళ్ళ మధ్య సందు, ఏ కారణమూ లేకుండా చెవుల దాకా పోయే నవ్వు. ఐదేళ్ళ శనివారాలు దరియావలి ఆ ముఖాన్నే గీశాడు. నా పక్కవాడు శనివారం బడికి వచ్చేవాడు కాదు కాబట్టి ఖాళీ బెంచీ గీయడంలో నన్ను మించినవాడు లేకుండా పోయాడు.

అలా దరియావలి చెయ్యి ఒకే ముఖం నేర్చుకుంది. తలపాగా చుడితే రైతు, గడ్డం పెడితే సాధువు, మీసం తీసి కొప్పు ముడిస్తే అవ్వ. ఒకసారి సైకిళ్ళ దొంగ బొమ్మ గీసిపెట్టమని పోలీసులు అడిగితే, చూసినవాళ్ళు చెప్పిన గుర్తులన్నీ శ్రద్ధగా విని గీసిచ్చాడు. మరునాడు చెంచయ్యను పట్టుకొచ్చి మూడు గంటలు కూర్చోబెట్టారు. ఇదంతా నేను కల్పించానని దరియావలి అంటాడు. కల్పన కాదు. మూడు గంటలన్నది మాత్రం నేను కొంచెం పెంచాను.

చెంచయ్య సముద్రం మీదికి పోయాడు, దరియావలి రంగుల్లో పడ్డాడు. స్నేహం మాత్రం పోలేదు. ఆదివారం చెంచయ్య చేపలు తెచ్చేవాడు, దరియావలి వండించేవాడు, నేను తినేవాణ్ణి.

తర్వాత ఇద్దరికీ చెడ్డ రోజులు వచ్చాయి. దరియావలి భార్య పోయింది. రొయ్యల మేత కంపెనీలు సంచుల బొమ్మలు చెన్నైలో గీయించుకోవడం మొదలుపెట్టాయి. కూతురు సాహిరా కంప్యూటరు నేర్చుకుని వచ్చి తండ్రి పక్కనే కూర్చుంది గాని, ఇద్దరూ కలిసి కిటికీలోంచి రోడ్డు చూసే రోజులే ఎక్కువ. అటు చెంచయ్యకు మందు ఎక్కువైంది. మొదట చలికి తాగేవాడు, తర్వాత అలసటకి, ఆ తర్వాత కారణం వెతకడం మానేశాడు. నెల్లూరులో డాక్టరు కడుపు నొక్కి చూసి, స్కానింగు చూసి, అతని భార్య వెంకటశేషమ్మను బయటికి పిలిచి, ఇంకొక్క ఏడాది ఇలాగే తాగితే ఆ పై ఏడాది గురించి తనను అడగవద్దని చెప్పాడు.

ఆ మొహర్రానికి మేమంతా ఒక జీపు మాట్లాడుకుని నెల్లూరు రొట్టెల పండక్కి పోయాం. బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, ఎవరి కోరిక వాళ్ళు పైకి చెప్పుకుని, అదే కోరిక తీరినవాళ్ళ చేతిలోంచి రొట్టె పట్టుకుని తినాలి. మన కోరిక తీరితే మరుసటి ఏడు మనం రొట్టెలు చేసుకుపోయి, అదే కోరికతో వచ్చినవాళ్ళకు ఇవ్వాలి. కులమతాల పట్టింపు లేదు.

మోకాలి లోతు నీళ్ళలో జనం "ఇల్లు రొట్టె", "పెళ్ళి రొట్టె", "ఉద్యోగం రొట్టె" అని కూరగాయల సంతలోలా కేకలు వేస్తున్నారు. శేషమ్మ కేక వేయలేకపోయింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని, పక్కనున్నామెను గొంతు తగ్గించి అడిగింది.

"మందు మానే రొట్టె ఎవురి దగ్గరన్నా ఉండాదా అమ్మా?"

అంత గోలలో అంత చిన్నగా అడిగినా పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారి ఇటు తిరిగారు. అందరూ ఆ రొట్టె కోసం వచ్చినవాళ్ళే. ఇచ్చే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే దొరికింది, ఆత్మకూరు వైపు ఆవిడ.

"మాయన మానేసి పది నెల్లయింది తల్లీ. ఇందా, తిను. వచ్చే ఏడు నువ్వూ ఇట్టాగే తెచ్చియ్యాల. మర్చిపోబాక" అంది.

శేషమ్మ ఆ రొట్టెను నీళ్ళలోనే నిలబడి పొల్లు పోకుండా తినేసింది. రెండు బారల అవతల దరియావలి, మెడలో బూట్లు వేలాడేసుకున్న బ్యాంకు కుర్రాడి దగ్గర చెయ్యి చాచాడు.

"ఈ వయసులో ఉద్యోగమా తాతా?"

"ఉద్యోగం కాదు నాయనా, పని."

నేను ఏ రొట్టె పట్టానో రాయను. అది తీరలేదు కాబట్టి తిరిగి ఇవ్వాల్సిన పని పడలేదు.

వాళ్ళ రెండు రొట్టెలూ ఫలించాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

చెంచయ్య ఇంటికి వచ్చిన వారానికే మానేశాడు. ఒళ్ళు వణికింది, రెండు రాత్రులు శేషమ్మను గుర్తుపట్టలేదు, మూడో నాడు లేచి గంజి అడిగాడు. పడవ మీదికి పోతే పాత జట్టు మందు పోస్తుందని, ఒడ్డున తాటాకు పాకలో కూర్చుని వలలు బాగుచేసే పని పెట్టుకున్నాడు.

మూడు నెలలకు దరియావలి మెట్లెక్కి హరినాథ్ వచ్చాడు. ఒక బీరు కంపెనీలో సీసాలు, కాగితాలు, అట్టపెట్టెలు చూసుకునే ఆఫీసరు. మనిషి మంచివాడు, మాట సూటిగా ఉంటుంది.

"ఆర్టిస్టు గారూ, మా బీరులో ఉండేదే అందరి బీరులోనూ ఉంటుంది. నేనన్నానని ఎవరికీ చెప్పకండి. కొనేవాడు కొనేది కాగితాన్నే. చెన్నైవాళ్ళు మూడు డిజైన్లు ఇచ్చారు. మూడూ టూత్‌పేస్టు డబ్బాల్లా ఉన్నాయి. నాకు ఈ తీరం వాసన కావాలి" అన్నాడు.

దరియావలి చుక్క ముట్టినవాడు కాదు. వైన్ షాపు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవాడు. తాగనివాడు తాగేదానికి బొమ్మ గీయడమేమిటని నేనే కొంచెం రెచ్చగొట్టాను.

"బామ్ డబ్బాకి గీసినప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులుండాయా?" అన్నాడు.

మాటైతే అన్నాడు గాని, ఆ నెలంతా శుక్రవారం జుమ్మా నమాజులో ఆఖరి వరసలో నిలబడ్డాడు.

వారం రోజులు వైన్ షాపుకు ఎదురుగా టీ అంగట్లో కూర్చుని, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం నేను చూశాను. సీసా మీద పేరు ఎవరూ చదవడం లేదు. ఇనపకమ్మీల సందులోంచి వేలు పెట్టి "ఆ ఎర్రది", "గుర్రం బొమ్మది" అంటున్నారు. కమ్మీలు అడ్డం వస్తే పొడుగు బొమ్మ సగం కనబడదు, గుండ్రటి బొమ్మ నిలుస్తుంది. ఫ్రిజ్జులోంచి తీసిన సీసాకు చెమట పట్టి కాగితం జారి చేతికి వస్తోంది. తాగుతూ కూర్చున్నవాడు బొటనవేలి గోటితో కాగితాన్ని గీకుతూ ఉంటాడు, ఊడిపోతే వాడికి సీసా మీద మర్యాద పోతుంది.

అందుకని పసుపు రంగు మీద గుండ్రంగా ఒక ముఖం, చదవడానికి ఎక్కువ ఏమీ లేకుండా. కింద చట్టం ప్రకారం ఉండాల్సిన హెచ్చరిక. కాగితం మాత్రం నీళ్ళకు ఊడనిది కావాలని పట్టుబట్టాడు. శివకాశి నుంచి నమూనాలు తెప్పించి, రకరకాల జిగురుతో అంటించి, సీసాలను బకెట్లో వారం నానబెట్టాడు. ఒకదానికి అంచు కూడా లేవలేదు. ఆ సీసాను హరినాథ్ ముందు పెట్టి, "గీకండి సార్" అన్నాడు. హరినాథ్ గోరు విరిగింది. దరియావలి అంత గర్వంగా కనబడటం నేను అంతకుముందు చూడలేదు.

ముఖం ఎలా ఉండాలంటే, సముద్రం మీద నుంచి అప్పుడే ఒడ్డుకు వచ్చి, ఒళ్ళు తేలికపడ్డ మనిషిలా ఉండాలన్నాడు హరినాథ్. దరియావలి ఒక మధ్యాహ్నం పూట గీసేశాడు. సాహిరా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి రంగులు వేస్తూ ఆగిపోయింది.

"నాయనా, ఈన చెంచయ్య మామ కదా?"

"యాడ? టోపీ ఉండాది చూడు."

"టోపీ తీసేస్తే?"

"ఎందుకు తీస్తావు? దాని పాటికది ఉండాది కదా."

"మామ మందు మానేసినాడు నాయనా. బాగుంటదా?"

"నిమ్మకాయల రైతును చూసి ఒక్కడన్నా చెంచయ్యా అన్నాడా? ముప్పయ్యేళ్ళుగా ఎవురూ గుర్తుపట్టలా. ఇప్పుడు పడతారా?"

నిజానికి వేరే ముఖం గీద్దామని రెండుసార్లు కాగితం మార్చాడట. చెయ్యి వినలేదు. పైగా ఆ రోజు నవ్వు బాగా కుదిరింది. హరినాథ్ చూసి కుర్చీలోంచి లేచాడు. కంపెనీ ఒప్పుకుంది. ఎక్సైజు వాళ్ళు లేబుల్ మీద ముద్ర వేశారు. మార్చి నెలలో సీసాలు షాపుల్లోకి దిగాయి.

దరియావలి లెక్కలో ఒక్కటే తప్పు జరిగింది. నిమ్మకాయల పెట్టెను ఎదురుగా పెట్టుకుని ఎవరూ గంటసేపు కూర్చోరు. బీరు సీసాను పెట్టుకుని కూర్చుంటారు. అప్పుడు వాళ్ళకు దాన్ని చూడటం తప్ప వేరే పని ఉండదు.

తుమ్మలపెంట ఒడ్డున మూడో రోజే ఒకడు సీసాను కళ్ళ ముందు తిప్పి, "ఒరే, ఈడు మన చెంచయ్య కదరా!" అన్నాడు. పది రోజులకల్లా కావలి షాపుల్లో ఆ బీరుకు కంపెనీ పెట్టిన ఇంగ్లీషు పేరు పోయింది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు, నాకూ తిరగదు. "రెండు చెంచయ్యలియ్యన్నా, బాగా చల్లటియ్యి" అనడం అలవాటైంది. నెల తిరిగేసరికి ఆ మాట వాకాడు దాకా పాకింది. అక్కడొకాయన, చెంచయ్య అంటే బీరు కనిపెట్టిన దొర అని పెళ్ళిపందిట్లో పదిమందికి వివరించి చెప్పాడు. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు, పెళ్ళిపందిరి తప్ప.

చెంచయ్య మొదట నవ్వాడు. కొంచెం మురిశాడు కూడా. ఆదివారాలు బీచికి వచ్చే కృష్ణపట్నం పోర్టు ఉద్యోగులు పాక దగ్గర ఆగి, సీసాను అతని చెంప పక్కన పెట్టి ఫొటోలు తీసుకునేవారు. ఆ తర్వాత మొదలైంది.

"పెద్దాయనా, నీ సీసా నువ్వే తాగకుంటే ఎట్టా?"

"ఒక్క గుక్క. నీ పేరు నిలబెట్టుకో."

"మానేసినాడంట! సీసా మీద నవ్వతా ఉండాడే, ఆయనకి చెప్పు మానేసినావని!"

చెంచయ్య తల వంచుకుని వల కుట్టేవాడు. ఇంకెవరైనా మానేస్తే ఒక షాపును తప్పించుకుని నడిస్తే సరిపోతుంది. ఇతని విషయంలో మనుషులే షాపును పాక దగ్గరికి మోసుకొచ్చేవారు. రోజుకు పదిమందికి వద్దని చెప్పాలి, నవ్వుతూ చెప్పాలి, నవ్వితే "అదే, అచ్చం అదే నవ్వు!" అని మళ్ళీ సీసా ఎత్తేవారు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున శేషమ్మ గోనెసంచి నెత్తిన పెట్టుకుని ప్రెస్సు మెట్లెక్కింది. నేను అక్కడే ఉన్నాను. సంచి దించి, గదిలో నేల మీద ఒక్కొక్క సీసా నిలబెట్టింది. అన్నీ ఖాళీవి. అలలు ఒడ్డుకు తెచ్చినవట, పొద్దున్నే పోయి ఏరుకొస్తోందట. ఉప్పునీళ్ళలో ఎన్నాళ్ళు తేలాయో తెలియదు గాని, ఒక్క చెంచయ్య కూడా రంగు వెలవలేదు.

"అన్నా, ఏం కాగితమన్నా ఇది?" అంది. "వేణ్ణీళ్ళలో ఏసినా. బూడిద పెట్టి తోమినా. చేప పొలుసు గీకే కత్తితో గీకినా. మీసం పోతాండాది గాని నవ్వు పోవడంలా."

దరియావలి సీసాను తీసుకుని గోటితో అంచు గీకాడు. లేవలేదు. తను వారం రోజులు నానబెట్టి ఎంచుకున్న జిగురు.

"పగలగొట్టమ్మా శేషమ్మా."

"పగలగొడితే ఆయన మొగం పెంకులై ఇసకలో పడుంటది. పిల్లకాయలు తొక్కతారు. ఏ ఆడదన్నా మొగుడి మొగాన్ని రాయి పెట్టి కొడతాదా అన్నా?"

దరియావలి సీసాల వైపు చూడకుండా అడిగాడు.

"తాగినాడా?"

"తాగలా. ఇంకా తాగలా. రోజూ సాయంత్రం నోరు వాసన చూస్తాండా. అరవయ్యేళ్ళ మనిషి, చిన్నబిడ్డ మాదిరి నోరు తెరుస్తాడు. సిగ్గుగా ఉండాదన్నా నాకు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పండక్కి ఇంకా మూడు నెల్లు. నేను రొట్టె తిరిగియ్యాల. అప్పటి దాకా నిలబడితే ఇంక నిలబడతాడు. ఆయన్ని ఆ సీసా మీద నుంచి దించన్నా."

మరునాడే దరియావలి హరినాథ్ ఆఫీసుకు పోయాడు. నేనూ తోడు వెళ్ళాను. హరినాథ్ అంతా విన్నాడు, మధ్యలో టీ తెప్పించాడు, చివరికి గోడకు చట్రం కట్టి పెట్టిన లేబుల్ చూపించాడు. దాని మూల మీద గుండ్రటి ముద్ర ఉంది.

"ఇది ముద్ర పడిన బొమ్మ, ఆర్టిస్టు గారూ. మీసంలో ఒక్క వెంట్రుక తీసినా మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టాలి. ఈ ఏడాది ముగిసేదాకా ఇదే ఉంటుంది. నేను కాదు కదా, మా పైవాళ్ళు కూడా ఏమీ చేయలేరు."

"ఒక మనిషి ప్రాణం సార్."

"అర్థమైంది. మా పెదనాన్న కూడా అలాగే పోయాడు." గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి చెబుతాను, తిట్టుకోకండి. మా బీర్లలో ఇంతగా అమ్ముడైన సీసా ఇంతకుముందు లేదు. ముద్ర లేకపోయినా ఈ ముఖాన్ని ఎవరు తీయనిస్తారు? వచ్చే ఏడాదికి వేరే బొమ్మ గీసివ్వండి. పైకి పంపించి చూస్తాను."

దరియావలి నెల రోజులు వేరే ముఖం కోసం కూర్చున్నాడు. రాజును గీశాడు. చెంచయ్యకు కిరీటం పెట్టినట్టుంది. పల్లెపడుచును గీశాడు. చెంచయ్య ముక్కుపుడక పెట్టుకున్నట్టుంది. విసిగిపోయి గుర్రాన్ని గీశాడు. ఆ గుర్రానికి ముందు పళ్ళ మధ్య సందు ఉంది. సాహిరా ఆ కాగితాలన్నీ తీసి మడిచి, తనే కంప్యూటరు ముందు కూర్చుని, ముఖమే లేకుండా ఒక అలనూ దాని మీద ఒక కాకినీ వేసింది. బాగుంది. దాన్ని హరినాథ్‌కు పంపారు. "చూస్తాం" అని జవాబు వచ్చింది. ఇంకా చూస్తూనే ఉన్నారు.

సీసాను మార్చలేకపోతే మనిషినే మారుద్దామన్న సలహా నాది. నా సలహాల్లో పనికొచ్చినవి తక్కువ, ఇది వాటిలో చేరలేదు. చెంచయ్యను మేడ మీదికి పిలిపించి, మంగలిని రప్పించి, మీసం తీయించాం. చెంచయ్య అద్దంలో చూసుకుని పైపెదవి తడుముకున్నాడు. మెట్లు దిగి బస్టాండు దాకా పోయాడో లేదో, పూలమ్మే ముసలామె అతన్ని చూసి, "ఓసి నాయనో! బామ్ డబ్బా అవ్వ!" అని అరిచింది. చుట్టూ జనం మూగారు. మళ్ళీ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు ఇంకో మొగమే దొరకలేదంట్రా వలీ, ఇన్నేళ్ళలో?"

"దొరకలేదురా."

చెంచయ్య బల్ల మీది సీసా తీసుకుని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. శేషమ్మ తెచ్చిన వాటిలోదే, మీసం సగం గీకి ఉంది. చాలాసేపు చూశాడు.

"ఈ నా కొడుకు ఎంత హాయిగా ఉండాడో చూడరా."

"నువ్వేరా అది."

"నేనేలే. ఏ నేను? తాగినప్పటి నేను. మానేసినాక నేనిట్టా నవ్వంగా నువ్వు ఒక్కసారన్నా చూసినావా?"

దరియావలి పెన్సిళ్ళు సర్దడం మొదలుపెట్టాడు. జవాబు నాకు దొరికింది గాని ఆలస్యంగా దొరికింది. ఆ నవ్వు దరియావలి చేతికి వచ్చింది ఆరో తరగతిలో, చెంచయ్యకు కల్లు రుచి కూడా తెలియని శనివారాల్లో. అది మందు నవ్వు కాదని చెప్పాలనుకున్నాను. అప్పటికి చెంచయ్య మెట్లు దిగి బస్సెక్కేశాడు. తర్వాత చెప్పడానికి రెండుసార్లు తుమ్మలపెంట పోయాను. రెండుసార్లూ పాక నిండా జనం. అలాంటి మాట జనంలో చెప్పేది కాదు.

పండక్కి ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక సాయంత్రం శేషమ్మ వాసన చూడబోతే చెంచయ్య నోరు తెరవలేదు. తల తిప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఎవరు పోశారని మాత్రం అడిగింది. ఎవరో ఒకరి పేరు చెబుతాడని, పోయి వాళ్ళను దులిపేద్దామని అనుకుంది.

"ఎవురూ పొయ్యలా. నేనే పోయి కొనుక్కున్నా" అన్నాడు చెంచయ్య. "షాపులో నా పేరు నేనే అడగాల్సొచ్చింది శేషా. 'ఒక చెంచయ్య ఇయ్యి' అన్నా. ఆ పిలగాడు నా మొగం చూసి, సీసా చూసి, నవ్వి ఇచ్చినాడు."

ఈ మాటలు శేషమ్మే మాకు చెప్పింది, నెల్లూరు పోయే జీపులో. చెంచయ్య ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నాడు. వినబడుతూనే ఉంది. ఇటు తిరగలేదు. తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు తాగాడు. పాదాలు కొంచెం వాచాయి. మీసం మళ్ళీ మొలిచింది.

శేషమ్మ రొట్టెలు చేసుకురాలేదు, ఖాళీ చేతులతో నీళ్ళలోకి దిగింది. దరియావలి చేతిలో సాహిరా కాల్చిచ్చిన ఐదు రొట్టెల మూట ఉంది. అతని కోరిక తీరింది కదా, తిరిగి ఇవ్వక తప్పదు. చుట్టూ అందరూ "ఉద్యోగం రొట్టె" అని అరుస్తుంటే, ఇవ్వాల్సిన మనిషి నోరు మెదపకుండా నిలబడ్డాడు. ఇంజనీరింగు చదివినట్టున్న ఒక అమ్మాయి మూట చూసి దగ్గరికి వచ్చింది.

"మీ దగ్గరుండేది ఏ రొట్టె తాతా?"

"పని రొట్టె."

"మీకేం పని వచ్చింది?"

"బొమ్మలు గీసే పని."

"మంచి పనే కదా!" అని చెయ్యి చాచింది. దరియావలి మూట విప్పి ఇచ్చాడు. ఇస్తూ ఏదో గొణిగాడు. దువా చేశాడో, క్షమించమన్నాడో నాకు వినబడలేదు. మిగతా నాలుగూ క్షణంలో అయిపోయాయి.

అప్పుడతను నీళ్ళు తోసుకుంటూ పోయి శేషమ్మ వెనక నిలబడ్డాడు. ఆ వరసలో అందరూ ఆడవాళ్ళే. ఈసారి ఇచ్చే మనిషి వాకాడు వైపు నుంచి వచ్చింది, గట్టి మనిషి. శేషమ్మ చెప్పింది విని, రొట్టె ఇచ్చి, "పోయినేడు పట్టి మళ్ళీ వచ్చినావా? పరవాలేదులే. నేను మూడేళ్ళు వచ్చినా" అంది. తర్వాత ఎదురుగా నిలబడ్డ దరియావలిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఏంది సాయిబూ, నువ్వే తాగతావా? పెద్దమనిషి మాదిరి ఉండావే."

దరియావలి తల వంచాడు.

"ఎన్నాళ్ళ నుంచి అలవాటు?"

"ఆరో క్లాసు నుంచీ తల్లీ."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి నిట్టూర్చారు. ఒకామె నుదురు కొట్టుకుంది. వాకాడు ఆవిడకు జాలేసి రెండు రొట్టెలు చేతిలో పెట్టింది. "రెండూ తినెయ్. నీది ముదిరిన కేసు" అంది.

జీవితంలో చుక్క ముట్టని మనిషి, అంతమంది ముందు, ఆ రొట్టెలు రెండూ నిలబడి తిన్నాడు. నాకు నవ్వొచ్చింది. గట్టు ఎక్కేదాకా కూడా ఆ నవ్వు నాతో రాలేదు.

గట్టు మీద జీపు దగ్గర చెంచయ్య నిలబడి ఉన్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని గుర్తుపట్టి, భుజాల మీద చేతులేసి ఫోనులో ఫొటో తీసుకుంటున్నారు. వాళ్ళు పోయాక దరియావలి తడి లుంగీ పిండుకుంటూ వచ్చాడు.

"ఏం రొట్టె పట్టినావురా వలీ?"

"పని రొట్టెరా."

చెంచయ్య వంద అడుగుల దూరంలో నిలబడి అంతా చూశాడు. వలి పట్టింది మందు మానే రొట్టె అని అతనికి తెలుసు. తను చూసిన సంగతి దరియావలికి తెలుసని కూడా తెలుసు.

"ఇంకా పనేందిరా నీకు, బుద్ధి లేకుండా" అని, కళ్ళు సగం మూసి, చెవుల దాకా నవ్వాడు. ఆ పూట అతను తాగి లేడు.

దరియావలి గబుక్కున చెరువు వైపు తిరిగాడు. ఆ నవ్వును ఇంకొక్కసారి చూస్తే, చెయ్యి మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటుందని భయపడ్డట్టున్నాడు.